గింగిరాల ఆఫ్రో జుట్టు: తలంటు నుంచి కొసల కత్తిరింపు దాకా

ఆఫ్రికన్ మూలాలున్న వాళ్ళ జుట్టు పెరగదని మనవాళ్ళు చాలామంది అనుకుంటారు. పెరుగుతుంది. ప్రతి నెలా కుదుళ్ళ దగ్గర పెరుగుతూనే ఉంటుంది. కానీ పైన పెరిగినంతా కింద కొసల దగ్గర విరిగి రాలిపోతుంటే పొడవు ఉన్నచోటే ఉన్నట్టు కనిపిస్తుంది. అందుకని ఈ జుట్టుకి "పెరగడానికి ఏం రాయాలి" అని వెతకడం మానేసి "కొసలు విరగకుండా ఏం చేయాలి" అని చూసుకోవాలి.

మా వారు హ్యూస్టన్‌లో పుట్టి పెరిగిన బ్లాక్ అమెరికన్. మా అమ్మాయికి అచ్చం వాళ్ళ నాయనమ్మ జుట్టే వచ్చింది. పాయ తీయడం దగ్గర్నుంచి అల్లడం దాకా నాకు నేర్పింది మా అత్తగారే. ఇక్కడ రాస్తున్న దాంట్లో చాలా భాగం ఆవిడ దగ్గర కూర్చుని నేర్చుకున్నదే. అమెరికాలో ఇలాంటి ఇళ్ళలో ఇప్పుడు తెలుగు తల్లులు చాలామంది ఉన్నారు. ఆర్నెల్లు ఉండి వెళ్దామని వచ్చిన అమ్మమ్మలూ ఉన్నారు. మనవరాలికి తల దువ్వాలని వాళ్ళకీ ఉంటుంది. దువ్వెన పట్టుకుని ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక ఆగిపోయే అందరి కోసం వివరంగా రాస్తున్నాను.

ఒక మాట ముందే చెప్పాలి. మనకి అలవాటైన పద్ధతి ఏమిటి? మాడుకి నూనె పట్టించడం, పొడి జుట్టుని పైనుంచి కిందికి దువ్వడం, బిగించి జడ వేయడం. ఈ మూడూ మన జుట్టుకి సరిపోతాయి గానీ ఈ జుట్టు కొసల్ని మాత్రం తినేస్తాయి.

ఈ జుట్టు ఎందుకు విరుగుతుంది

ఆఫ్రికన్ జుట్టు కుదురు చర్మం లోపలే వంపు తిరిగి ఉంటుంది. అందుకే వెంట్రుక మెలికలు తిరుగుతూ బయటికొస్తుంది. అడ్డంగా కోసి చూస్తే గుండ్రంగా కాకుండా చదునుగా, అండాకారంలో ఉంటుంది. మెలిక తిరిగిన ప్రతి చోటా వెంట్రుక పైపొర కొంచెం లేచి బలహీనంగా ఉంటుంది. లాగితే ముందు అక్కడే తెగుతుంది. మాడులో ఊరే నూనె తిన్నని జుట్టు మీదైతే జారుకుంటూ కిందిదాకా వెళ్తుంది. ఇన్ని మెలికలు దాటుకుని కొసదాకా రాలేదు. మాడు బాగానే ఉన్నా కొసలు ఎండిపోయి గరగరలాడేది అందుకే.

పైగా కొస అంటే జుట్టులో అన్నిటికన్నా పాత భాగం. ఈ రకం జుట్టు సగటున నెలకి ఒక సెంటీమీటరు లోపే పెరుగుతుంది. 30 సెంటీమీటర్ల వెంట్రుక ఉందంటే దాని కొస వయసు మూడేళ్ళ పైమాటే. మూడేళ్ళుగా దిండుకి రాసుకుని, దువ్వెన పడి, ఎండకి ఎండి, సబ్బు తగిలి ఉన్న కొస అది. ఒకసారి చిట్లిందంటే కుట్టు ఊడిన చీర అంచులాగా ఆ చీలిక పైకి పాకుతూ పోతుంది. ఏ సీరమ్ రాసినా రెండు రోజులు అతుక్కున్నట్టు కనిపిస్తుంది, అంతే. చిట్లినది మళ్ళీ అతకదు.

3బి, 4ఎ, 4సి అని జుట్టు క్రీముల డబ్బాల మీద కనిపిస్తుంటాయి. ఆప్రా విన్‌ఫ్రీ హెయిర్ స్టైలిస్ట్ ఆండ్రే వాకర్ 1990ల్లో పెట్టిన లెక్క అది. 1 అంటే తిన్నని జుట్టు, 2 అలలు, 3 ఉంగరాలు, 4 సన్నని బిగుతైన మెలికలు. 4సి తర్వాత చేరింది. మెలిక కంటికి విడిగా కనిపించనంత బిగుతుగా ఉండే జుట్టుకి ఆ పేరు. కొనేటప్పుడు కొంచెం ఉపయోగపడుతుంది గానీ ఒకే తలలో నడినెత్తిన ఒక రకం, మెడ దగ్గర ఇంకో రకం ఉండటం మామూలే. అక్షరం కంటే చేతికి తెలిసేదే నమ్మండి.

ఇంకో విషయం. ఈ జుట్టు ఆరాక కుంచించుకుపోతుంది. తడిగా లాగితే నడుము దాకా వచ్చేది ఆరేసరికి భుజాల పైనే ఉంటుంది. సగానికి సగం, బిగుతైన 4సి జుట్టులో ముప్పాతిక వంతు దాకా ముడుచుకోవచ్చు. అది జబ్బేమీ కాదు, మెలికలు ఆరోగ్యంగా ఉన్నాయని గుర్తు. పొడవు ఎంత పెరిగిందో చూడాలంటే ఒక పాయ మెల్లగా లాగి కొలవండి.

ఏమేం దగ్గర పెట్టుకోవాలి

స్ప్రే బాటిల్, సల్ఫేట్ లేని షాంపూ, చేతికి జారుడుగా తగిలే చిక్కటి కండిషనర్, పళ్ళు బాగా దూరంగా ఉన్న దువ్వెన, పాయలు పట్టి ఉంచడానికి ఓ అరడజను క్లిప్పులు, పాత కాటన్ టీషర్టు, లీవ్-ఇన్ కండిషనర్ (రాసి కడగకుండా వదిలేసేది), ఒక నూనె, షియా బటర్ లాంటి ఒక చిక్కటి క్రీమ్, శాటిన్ బోనెట్ (పడుకునేటప్పుడు జుట్టంతా కప్పే మెత్తటి టోపీ), జుట్టుకి మాత్రమే వాడే పదునైన కత్తెర. ఇంతే. సన్నపళ్ళ దువ్వెన, చివర లోహపు పట్టీ ఉన్న రబ్బరు బ్యాండ్లు ఇంట్లోంచి తీసేయండి.

1. తలంటుకి ముందు: పాయలు, నూనె, వేళ్ళు

బ్లాక్ కుటుంబాల్లో దీన్ని వాష్ డే అంటారు. వారానికోసారి, లేదా పది పదిహేను రోజులకోసారి. పిల్లల తలకి కూడా రెండు మూడు గంటలు పడుతుంది, ఆ రోజు ఇంకో పని పెట్టుకోకండి. పాపకి ఇష్టమైన కార్టూన్, తినడానికి ఏదో ఒకటి ముందే సిద్ధం చేసుకోండి. తల్లి టెన్షన్ పడుతూ కూర్చుంటే చేతులకి అది తెలిసిపోతుంది, పాపకి ఇంకా ముందు తెలిసిపోతుంది.

జుట్టుని నాలుగు భాగాలు చేయండి, ఒత్తుగా ఉంటే ఎనిమిది. ఒక్కొక్క భాగాన్ని క్లిప్పు పెట్టి విడిగా ఉంచండి. కడిగేటప్పుడు కూడా ఈ భాగాలు కలవకూడదు.

ఇప్పుడు మన కొబ్బరినూనె పనికొస్తుంది. 2003లో ముంబై పరిశోధకులు ప్రచురించిన ఒక అధ్యయనంలో కొబ్బరినూనె, పొద్దుతిరుగుడు నూనె, మినరల్ ఆయిల్ పోల్చి చూశారు. వెంట్రుకలోంచి ప్రొటీన్ పోకుండా బాగా ఆపింది కొబ్బరినూనే, తలస్నానానికి ముందు రాసినా తర్వాత రాసినా. మిగతా రెండూ ఆ పని చేయలేదు. కాబట్టి కడగడానికి అరగంట ముందు, లేదా ముందు రోజు రాత్రి, కొసల నుంచి మొదలుపెట్టి సగం జుట్టు దాకా పట్టించండి. మాడుకి అక్కర్లేదు. మాడు మీద నూనె నిలవుంటే కొందరికి చుండ్రు, దురద పెరుగుతాయి. అరచేతిలో పావు చెంచా వేసుకుని, రెండు చేతులూ రుద్దుకుని, కొసల్ని అరచేతుల మధ్య నొక్కి వదలండి. రుద్దకండి.

తర్వాత వేళ్ళతో చిక్కు తీయండి. దువ్వెన వద్దు. ముడి ఎక్కడుందో వేలికి తెలిసినట్టు దువ్వెనకి తెలియదు. ముడి తగిలితే దానికి పైన జుట్టుని ఒక చేత్తో గట్టిగా పట్టుకోండి, మాడు మీద లాగుడు పడకూడదు. ముడి మీద ఒక చుక్క నూనో కండిషనరో వేయండి. రెండో చేత్తో ముడిలోంచి వెంట్రుకల్ని ఒక్కొక్కటిగా పక్కకి తీయండి. కిందికి లాగకండి. అలా అయిదారు తీసేసరికి ముడి దానంతట అదే వదులవుతుంది.

ఈ పని చేసేటప్పుడు చెవి పెట్టి వినండి. "టక్" మని సన్నని చప్పుడు వస్తే వెంట్రుక తెగిందని అర్థం. ఆపండి, ఇంకొంచెం తడి చేయండి, మళ్ళీ మొదలుపెట్టండి. చేతికి వచ్చిన జుట్టుని కూడా తెల్ల కాగితం మీద వేసి చూడండి. ఒక చివర చిన్న తెల్లటి బొడిపె ఉండి, పొడవుగా ఉంటే అది సహజంగా రాలిన వెంట్రుక. రోజుకి 50 నుంచి 100 దాకా అలా రాలడం మామూలే, వారం పాటు మెలికల్లో ఇరుక్కుని ఉన్నవన్నీ ఈ రోజు ఒక్కసారిగా వస్తాయి. బొడిపె లేకుండా పొట్టి ముక్కలు ఎక్కువగా ఉన్నాయంటే అవి విరిగినవి. కంగారు పడాల్సింది వాటి గురించి.

2. కడగడం

గోరువెచ్చని నీళ్ళు. షాంపూ మాడుకి మాత్రమే. కొంచెం నీళ్ళు కలిపి పలచగా చేసుకుని పాపిడుల మధ్య వేసి వేళ్ళ మొనలతో (గోళ్ళతో కాదు) రుద్దండి. జుట్టంతా నడినెత్తిన కుప్పగా పోసి నురగ తెప్పించకండి. అలా చేస్తే అప్పటిదాకా తీసిన చిక్కంతా మళ్ళీ పడుతుంది. నురగ కిందికి కారేటప్పుడు కొసలకి తగిలేది చాలు. కొసలకి విడిగా షాంపూ అక్కర్లేదు.

కుంకుడుకాయ వాడొచ్చా అని అడుగుతుంటారు. వద్దు. మురికితోపాటు ఉన్న కాస్త నూనెనీ లాగేస్తుంది, జుట్టు గరుకై మెలికలు ఒకదానికొకటి పట్టుకుంటాయి. శీకాయ పొడి ఇంకో ఇబ్బంది: ఆ నలుసులు మెలికల్లోంచి రావు, వాటిని దులపబోతే వెంట్రుకలు తెగుతాయి.

3. కండిషనర్, దువ్వెన

దువ్వెన చేతికి తీసుకోవాల్సింది ఇప్పుడే. జుట్టు తడిగా, కండిషనర్‌తో జారుడుగా ఉన్నప్పుడు మాత్రమే. ఒక భాగం క్లిప్పు తీసి, కండిషనర్ దండిగా పట్టించి, కొస నుంచి రెండు వేళ్ళ పైన పట్టుకుని ఆ రెండు వేళ్ళ మేర దువ్వండి. అది సాఫీగా వచ్చాక ఇంకో రెండు వేళ్ళు పైకి. అలా కింది నుంచి పైకి వెళ్ళండి. పైనుంచి మొదలుపెడితే దారిలో ఉన్న ముడులన్నీ కిందికి తోసుకుంటూ పోయి కొసల దగ్గర ఒక్క ముద్దగా చేస్తారు. అయిపోయిన భాగాన్ని రెండు పాయలుగా మెలితిప్పి పక్కన పెట్టి, తర్వాతి భాగానికి వెళ్ళండి.

తర్వాత డీప్ కండిషనర్ పట్టించి, ప్లాస్టిక్ టోపీ పెట్టి, ఇరవై నిమిషాలో అరగంటో ఉంచండి. అంతకంటే ఎక్కువసేపు ఉంచితే అదనపు లాభం లేదు. ఏ రకం వాడాలో తెలియాలంటే రాలిన తడి వెంట్రుక ఒకటి తీసుకుని రెండు చివర్లూ పట్టుకుని మెల్లగా లాగండి. సాగి వెనక్కి వస్తే బాగానే ఉంది. సాగి, మెత్తగా అయిపోయి, వెనక్కి రాకపోతే ప్రొటీన్ కావాలి. సాగకుండానే పుటుక్కున తెగితే తేమ కావాలి. ప్రొటీన్ ఉన్నది నెలకో, నెలన్నరకో ఒకసారి చాలు. ఎక్కువైతే అదే జుట్టుని పెళుసు చేస్తుంది. గంజి, బియ్యం కడుగు నీళ్ళ విషయంలోనూ ఇదే జాగ్రత్త. వారం వారం పోస్తుంటే కొందరి జుట్టు పుల్లల్లా తయారవుతుంది.

4. తేమ పట్టి ఉంచడం

టర్కీ తువ్వాలుతో రుద్దకండి, దాని పోగులకి మెలికలు చిక్కుకుంటాయి. పాత టీషర్టుతో ఒత్తి నీళ్ళు తీయండి. కారడం ఆగాలి, తడి మాత్రం ఉండాలి.

ఇక్కడ నూనె గురించి ఒక సంగతి గుర్తుపెట్టుకోవాలి. నూనె తేమనివ్వదు, ఉన్న తేమని బయటికి పోనివ్వదు. తలంటు అయ్యాక పొడి జుట్టుకి నూనె రాస్తే పొడిదనాన్నే లోపల పెట్టి మూసినట్టు. అందుకే వరస ముఖ్యం: ముందు నీళ్ళు లేదా లీవ్-ఇన్, తర్వాత నూనె, ఆపైన క్రీమ్. అమెరికాలో దీన్ని ఎల్‌ఓసీ పద్ధతి అంటారు. జుట్టు మీద నీళ్ళు చల్లితే వెంటనే పీల్చేసి తొందరగా ఆరిపోయే రకమైతే మూడూ కావాలి. నీళ్ళు ముత్యాల్లా పైనే నిలబడే రకమైతే బరువైన బటర్లు దానికి పడవు. లీవ్-ఇన్, పలచటి క్రీమ్ చాలు, అదీ జుట్టు గోరువెచ్చగా ఉన్నప్పుడు రాస్తే లోపలికి వెళ్తుంది.

భాగమంతా రాయడం అయ్యాక కొసలకి మళ్ళీ విడిగా రాయండి. చివరి రెండంగుళాలకి. చిటికెడు షియా బటర్‌ని వేళ్ళ మధ్య కరిగించి, కొసల్ని ఆ వేళ్ళ మధ్య నుంచి సాగదీస్తూ వదలండి. షియా బటర్ పశ్చిమ ఆఫ్రికా నుంచి వస్తుంది, ఘానా, బుర్కినా ఫాసోల్లో ఆడవాళ్ళు షియా గింజల నుంచి తీస్తారు. దొరక్కపోతే మన ఆముదం ఉంది. ఇక్కడ జమైకన్ బ్లాక్ క్యాస్టర్ ఆయిల్ పేరుతో అమ్మేది కూడా ఆముదమే, గింజలు వేయించి తీస్తారు కాబట్టి నల్లగా ఉంటుంది. ఆముదం బాగా చిక్కన కనుక రెండు చుక్కలు చాలు. అది జుట్టు మొలిపిస్తుందని ఆశ పెట్టుకోకండి, కొసకి కవచంగా బాగా పనిచేస్తుంది.

ఆఫ్రికాలోని చాద్ దేశంలో బసారా తెగ ఆడవాళ్ళు చెబే అనే మూలికల పొడిని నూనెలో కలిపి జుట్టుకి పట్టించి జడలు వేసుకుంటారు. వాళ్ళలో చాలామందికి జుట్టు నడుము దాకా ఉంటుంది. ఆ పొడిని వాళ్ళు మాడుకి రాయరు, జుట్టు పొడవుకే రాస్తారు. వాళ్ళూ కాపాడుకునేది పాత జుట్టునే.

5. అల్లడం, కొసలు దాచడం

చిట్లకుండా ఉండాలంటే కొసలు బట్టలకీ గాలికీ దొరకకూడదు. రోజూ దువ్వే పని ఉండకూడదు. అందుకే జడలు, ట్విస్టులు. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకి రెండు పాయల ట్విస్ట్ తేలిక: ఒక పాయని రెండుగా చేసి ఒకదాని మీద ఒకటి తాడులా చుట్టుకుంటూ పోవడమే. కొసకి వచ్చాక వేలికి చుట్టి వదిలితే దానంతటదే ముడుచుకుని ఉంటుంది. వారం, పది రోజులు ఉంచొచ్చు. ఆరకముందే అల్లితే సాగి ఆరుతుంది, కుంచించుకుపోవడం తగ్గుతుంది, ముడులూ తక్కువ పడతాయి. నైజీరియాలో యోరుబా వాళ్ళు ఇరున్ కికో అని నల్ల దారంతో పాయల్ని చుట్టే పద్ధతి ఉంది. వేడి లేకుండా జుట్టు సాగదీయడానికి ఇది చాలా మంచిది. కొస కూడా దారం లోపలే ఉండిపోతుంది.

బిగుతు విషయంలో మాత్రం మొహమాటం వద్దు. జడ వేశాక పాప కనుబొమ్మలు పైకి లాగినట్టున్నా, నుదుటి అంచున చిన్న చిన్న పొక్కుల్లా కనిపించినా, రాత్రి నొప్పని ఏడ్చినా ఆ జడ విప్పేయండి. ఎంత డబ్బిచ్చి వేయించినా సరే. అలా ఏళ్ళ తరబడి లాగితే నుదుటి అంచు, చెవుల పైభాగం పలచబడతాయి. మొదట్లో ఆపితే తిరిగి వస్తుంది, ఆలస్యమైతే కుదుళ్ళే పోతాయి. "కొంచెం లూజుగా వేయండి" అని సెలూన్‌లో ముందే చెప్పండి. బాక్స్ బ్రెయిడ్స్ (తలంతా చిన్న చిన్న గళ్ళుగా పాయలు తీసి వేసే జడలు) వేయిస్తుంటే నాట్‌లెస్ రకం, అంటే కుదురు దగ్గర ముడి లేకుండా అల్లేది, అడగండి, మాడు మీద బరువు తక్కువ.

జడల్లో కలిపే కృత్రిమ జుట్టు కొందరికి దురద పెడుతుంది. ముందు రోజు వెనిగర్ కలిపిన నీళ్ళలో నానబెట్టి కడిగి ఆరబెట్టుకుంటే చాలామందికి తగ్గుతుంది. విగ్గులకీ, వీవ్‌లకీ (సొంత జుట్టుకి కుట్టే అదనపు జుట్టు) వాడే మనిషి జుట్టు సంగతి వేరు. షాపుల్లో "ఇండియన్ హెయిర్" అని రాసి ఉండే కట్టల వెనుక మన గుళ్ళున్నాయి. తిరుమలలో భక్తులు ఇచ్చిన తలనీలాల్ని టీటీడీ ఈ-వేలంలో అమ్ముతుంది, అక్కణ్ణుంచి అవి విదేశాలకి వెళ్తాయి. మా అత్తగారికి ఈ సంగతి చెప్పినప్పుడు ఆవిడ ఆ కట్టని చాలాసేపు చేతిలో పట్టుకుని చూశారు.

అదనపు జుట్టు కలిపి వేసిన జడలు ఆరు నుంచి ఎనిమిది వారాలకి మించి ఉంచొద్దు. విప్పాక వెంటనే తల కడగకండి. కుదురు దగ్గర పేరుకున్న మట్టిని నూనె, కండిషనర్ రాసి వేళ్ళతో వదలగొట్టి, చిక్కు తీసి, ఆ తర్వాతే నీళ్ళు పోయండి. ముందే నీళ్ళు పడితే అది అట్టకట్టేస్తుంది.

స్కూల్లోనో ఆఫీసులోనో ఈ జడల గురించి ఎవరైనా అభ్యంతరం చెబితే చట్టం ఏం చెబుతోందో తెలుసుకోండి. జుట్టు తీరునీ, జడల్నీ, లాక్స్‌నీ (తాళ్ళలా అతుక్కుని పెరిగే పాయలు) చూపి వివక్ష చూపకూడదని క్రౌన్ యాక్ట్ పేరుతో మొదట కాలిఫోర్నియా 2019లో చట్టం చేసింది. మా టెక్సాస్‌లో 2023 సెప్టెంబర్ 1 నుంచి అమల్లో ఉంది.

6. రాత్రిళ్ళు, వారం మధ్యలో

కాటన్ దిండు గలీబు జుట్టులోని తేమని పీల్చేస్తుంది, పైగా రాత్రంతా రాపిడి. శాటిన్ బోనెట్ పెట్టండి. పిల్లలు నిద్రలో తీసి పారేస్తారు కాబట్టి దిండుకి కూడా శాటిన్ గలీబు వేయండి. పట్టు స్కార్ఫ్ అయినా సరే. చలికాలంలో ఉన్ని టోపీ, కోటు కాలరు మెడ దగ్గరి జుట్టుని అరగదీస్తాయి. టోపీ లోపల శాటిన్ ముక్క కుట్టేయండి. మెడ దగ్గరి జుట్టు ఎప్పుడూ పొట్టిగానే ఉందంటే చాలాసార్లు కారణం ఇదే.

రెండు మూడు రోజులకోసారి కొసలు పట్టుకుని చూడండి. గరుకుగా ఉంటే నీళ్ళు, కొంచెం లీవ్-ఇన్ కలిపి కొసల మీద చల్లి, పైన ఒక చుక్క నూనె. తలంతా తడపక్కర్లేదు.

ఈతకి వెళ్తే కొలనులో దిగకముందే మామూలు నీళ్ళతో తడిపి కండిషనర్ రాసి టోపీ పెట్టండి. అప్పటికే నీళ్ళు పీల్చుకున్న జుట్టు క్లోరిన్ నీళ్ళని తక్కువ పీలుస్తుంది. బయటికి రాగానే కడిగేయండి.

7. కొసలు కత్తిరించడం

తల్లులు ఎక్కువగా వెనకాడేది ఇక్కడే. ఇంత కష్టపడి పెంచి ఇప్పుడు కత్తిరించడమా అని. ఇప్పుడు పావు అంగుళం కత్తిరించకపోతే ఆ చీలిక పైకెళ్ళి తర్వాత అంతకంటే ఎక్కువే పోతుంది.

తలంటి, ట్విస్టులు వేసి, బాగా ఆరిన తర్వాత కూర్చోండి. పాపని కిటికీ దగ్గర వెలుగులో కూర్చోబెట్టండి. ఒక్కొక్క ట్విస్ట్ కొసని వెలుగుకి ఎదురుగా పట్టి చూడండి. పై నుంచి ఒకే లావుగా వచ్చిన ట్విస్ట్ చివర్లో ఒక్కసారిగా సన్నబడి, అవతల వెలుగు కనిపిస్తుంటే అక్కణ్ణుంచి కింద ఉన్నది పాడైన భాగం. చూపుడు వేలు, బొటనవేలి మధ్య కొసని నలపండి. ఇసుక రేణువంత గట్టిగా ఏదో తగిలితే అది ఒంటి వెంట్రుక దానికదే వేసుకున్న ముడి. ఫెయిరీ నాట్ అంటారు. విప్పడానికి ప్రయత్నించి టైం వృథా చేయకండి, ముడికి కాస్త పైన కత్తిరించండి. తెల్లటి చుక్క కనిపిస్తే అక్కడ వెంట్రుక లోపల ఇప్పటికే విరిగిందని అర్థం, దానికీ అంతే.

ముడులు లేకపోయినా ప్రతి ట్విస్ట్ చివర పావు అంగుళం లోపు, అడ్డంగా, ఒక్క కోతతో తీయండి. కాగితాలు కోసే కత్తెర వాడితే మొద్దుబారిన అంచు వెంట్రుకని నలిపి కోస్తుంది, కోసిన చోటే మళ్ళీ చీలుతుంది. పది పన్నెండు వారాలకోసారి ఇలా చేస్తే చాలు. ఏడాదికోసారి ఈ రకం జుట్టు బాగా తెలిసిన స్టైలిస్ట్ చేత కత్తిరింపు చేయించండి. వంకర సరిచేద్దామని ఆరి ముడుచుకున్న జుట్టుని మీరే కత్తిరించొద్దు. ఒక్కో చోట ఒక్కోలా ముడుచుకుంటుంది కాబట్టి తడిస్తే లెక్కంతా తప్పుతుంది.

మంగళ, శుక్రవారాల్లో కత్తెర పట్టొద్దని ఇంట్లో పెద్దవాళ్ళంటే ఆదివారం పెట్టుకోండి. తలంటు ఎలాగూ ఆ రోజే కదా.

వేడి, రిలాక్సర్లు

స్ట్రెయిటెనర్ ఎప్పుడో పండక్కి ఒకసారి వాడేటట్లయితే వేడి నుంచి కాపాడే హీట్ ప్రొటెక్టెంట్ రాసి, శుభ్రంగా ఆరిన జుట్టు మీద, 180 డిగ్రీల సెల్సియస్ దాటకుండా, ఒక్కో పాయ మీద ఒక్కసారే నడపండి. వేడికి మెలిక పోతే తిరిగి రాదు, అది కత్తిరించి కొత్తది పెరిగేదాకా ఆగాల్సిందే.

రిలాక్సర్లు, అంటే మెలికల్ని తిన్నగా చేసే రసాయనాలు, పిల్లలకి వద్దని గట్టిగా చెబుతాను. వాటిల్లో చాలావాటిలో ఉండేది సోడియం హైడ్రాక్సైడ్ లాంటి క్షారం, అది వెంట్రుక లోపలి బంధాల్నే తెంపుతుంది. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల శాస్త్రజ్ఞులు 33,497 మంది మహిళల్ని దాదాపు 11 ఏళ్ళు గమనించి 2022లో ఒక అధ్యయనం వెలువరించారు. జుట్టు స్ట్రెయిట్ చేసే రసాయనాలు అస్సలు వాడనివాళ్ళలో 70 ఏళ్ళ వయసు లోపు గర్భాశయ క్యాన్సర్ వచ్చే అవకాశం 1.64 శాతమైతే, ఏడాదిలో నాలుగుసార్లకి మించి వాడేవాళ్ళలో 4.05 శాతమని లెక్క తేలింది. కారణం ఆ రసాయనాలేనని అది తేల్చలేదు, కానీ ఆ సంబంధం కనబడింది. ఎదిగే పిల్ల తల మీద పెట్టకుండా ఉండటానికి నాకు ఆ మాత్రం చాలు.

డాక్టరుకి ఎప్పుడు చూపించాలి

పిల్లల తలలో గుండ్రంగా ఒక చోట జుట్టు ఊడి, పొట్టు లేస్తూ, నల్లటి చుక్కలు కనిపిస్తే అది చుండ్రు కాదు, తామర కావచ్చు. నూనెతో తగ్గదు, పైపూత మందు ఒక్కటే సరిపోదు, డాక్టరు రాసిన నోటి మందు వాడాల్సిందే. దువ్వెనలు, టోపీలు వేరు చేయండి. పెద్దవాళ్ళలో నడినెత్తిన పలచబడి మంట, దురద, నొప్పి ఉంటే ఆలస్యం చేయకుండా చర్మవైద్యులకి చూపించండి. కుదుళ్ళు మచ్చకట్టి మూసుకుపోయే జబ్బు ఒకటి నల్లజాతి మహిళల్లో ఎక్కువగా వస్తుంది, ఎంత తొందరగా పట్టుకుంటే అంత జుట్టు మిగులుతుంది.

ఇండియా ప్రయాణం

సెలవులకి వెళ్ళేముందు సన్నటి జడలో, ట్విస్టులో వేసి బయల్దేరండి, విమానంలో బోనెట్ పెట్టండి. కండిషనర్, లీవ్-ఇన్ ఇక్కణ్ణుంచే తీసుకెళ్ళండి. హైదరాబాద్ బోరు నీళ్ళు చాలాచోట్ల ఉప్పగా, గట్టిగా ఉంటాయి. ఆ ఉప్పు కొసల మీద పేరుకుని జుట్టు పుల్లలా అవుతుంది. చివరి చెంబు నీళ్ళు ఫిల్టర్ నీళ్ళు పోయండి, తిరిగొచ్చాక కీలేటింగ్ షాంపూతో (నీళ్ళ ఉప్పుని వదలగొట్టే రకం) ఒకసారి కడగండి. విజయవాడ, విశాఖల ఉక్కపోతలో గ్లిజరిన్ ఎక్కువున్న క్రీములు వాడితే జుట్టు ఉబ్బి చిక్కుపడుతుంది, అవి మానేయండి.

గోరింటాకు పొడి తలకి పెడదామని ఎవరైనా అంటే వద్దనండి. ఈ జుట్టుని పొడిబారుస్తుంది, మెలికల్ని కూడా వదులు చేస్తుంది. చేతులకి పెట్టమనండి. పుట్టువెంట్రుకలు తీయించే మొక్కు ఉంటే, కత్తి నున్నగా ఆడించిన చోట ఈ రకం జుట్టు మొలుస్తూ వంగి చర్మంలోకే గుచ్చుకుని పొక్కులొచ్చే అవకాశం ఉంది. మూడు కత్తెరలు ఇచ్చి మొక్కు తీర్చుకునే కుటుంబాలూ ఉన్నాయి, పెద్దవాళ్ళతో ముందే మాట్లాడుకోండి. గుండు చేయిస్తే జుట్టు ఒత్తుగానో తిన్నగానో వస్తుందన్నది మాత్రం నిజం కాదు. కుదురు వంపు మారదు కాబట్టి అదే జుట్టు మళ్ళీ వస్తుంది.

చుట్టాలు పాప తల మీద చెయ్యేసి "చింపిరి జుట్టు", "పిచ్చుక గూడు" అంటుంటారు. ముద్దుగానే అంటారు, పాపకి మాత్రం అలా వినబడదు. మీరు ఊరుకోకండి. "దీని జుట్టు వాళ్ళ నాయనమ్మది, రండి పిన్నీ, పాయ ఎలా తీయాలో చూపిస్తాను" అని దువ్వెన పక్కన పెట్టి కండిషనర్ వాళ్ళ చేతిలో పెట్టండి.